నర్సింగు చదువు: వడ్డీ అప్పు లేని దారి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారంలో మా మదర్సాకు వచ్చేవారు ఖుర్ఆన్ పాఠం కోసమే రారు. చేతిలో మార్కుల పత్రంతో తండ్రి, ఆయన వెనుక కుమార్తె వస్తారు. "హజ్రత్! అమ్మాయి నర్సింగు చదువుతానంటోంది. ఏ కాలేజీలో చేర్చమంటారు?" అని అడుగుతారు. మచిలీపట్నంలో రోల్డ్ గోల్డ్ నగల పని చేసేవారు, గుడివాడలో చిన్న దుకాణం నడిపేవారు, దివిసీమలో కౌలుకు వరి పండించేవారు, ఎవరు వచ్చినా ప్రశ్న ఇదే. ఒకప్పుడు మేము "నర్సింగా? మన ఆడపిల్లలకు ఎందుకులెండి" అని పంపివేసేవాళ్లం. ఆ మాటకు నేడు సిగ్గుపడుతున్నాము.

ఎందుకంటే మేము పిల్లలకు బోధించే చరిత్రలోనే దానికి జవాబు ఉంది. కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు, మహాప్రవక్త (స) ఆయనను మస్జిదె నబవీలో వేసిన గుడారంలో ఉంచి, హజ్రత్ రుఫైదా (రజి) సంరక్షణకు అప్పగించారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాలలో సైన్యం వెంట వెళ్లి వంట చేసి, క్షతగాత్రులకు సేవ చేశారు. పాఠంలో ఈ పేర్లు చెప్పి, పాఠం ముగిశాక అమ్మాయిని నిరుత్సాహపరచడం ఏ న్యాయం?

అయితే మనసు మార్చుకున్న తర్వాత మేము చేసిన తప్పు అంతకంటే పెద్దది. చాలా సంవత్సరాల క్రితం నాగాయలంక వైపు నుండి ఒక తండ్రి వచ్చారు. ఆయన కుమార్తె చిన్నతనంలో మా దగ్గరే నాజిరా చదివింది. పొరుగు రాష్ట్రంలో ఒక ప్రైవేటు నర్సింగు కళాశాలలో సీటు ఇప్పిస్తానని, మొదట కొద్ది డబ్బు కడితే చాలు, మిగిలినది ప్రభుత్వమే భరిస్తుందని ఒక మధ్యవర్తి నమ్మబలికాడు. మేము ఏమీ విచారించకుండానే "నలుగురు పిల్లలు వెళ్తున్నారు కదా, పంపండి" అన్నాము. మన రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కళాశాలకు వర్తించదని రెండో సంవత్సరంలో తెలిసింది. హాస్టలుకు, శిక్షణకు, పరీక్షకు వేర్వేరుగా డబ్బు అడిగారు. తండ్రి వడ్డీకి అప్పు తెచ్చారు. అదీ చాలక అమ్మాయి ఇంటికి వచ్చేసింది. బకాయి కడితేనే ఇస్తామని అసలు ధ్రువపత్రాలు ఆపివేయడంతో మరోచోట చేరడానికి వీలులేక రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తండ్రి కట్టిన వడ్డీలో మా అజ్ఞానానికీ వాటా ఉందేమోనన్న భయం మమ్మల్ని ఈనాటికీ వదలలేదు. ఆ తర్వాతనే మేము ఈ విషయాలను అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాము.

నర్సింగులో ప్రవేశానికి మూడు మెట్లు ఉన్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు. ఇది గ్రామాలలో తల్లీబిడ్డల సేవకు ఉపయోగపడుతుంది గాని, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి సరిపోదు. జీఎన్ఎం మూడేళ్లు. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినా ఇంగ్లీషుతో సహా 40 శాతం మార్కులు ఉంటే అర్హత లభిస్తుంది. బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. దీనికి బైపీసీ గ్రూపు, సైన్సు విషయాలలో 45 శాతం మార్కులు కావాలి. రిజర్వేషన్ వర్గాలకు ఇందులో కొంత సడలింపు ఉంది. జీఎన్ఎం పూర్తిచేసినవారు మరో రెండేళ్లు పోస్ట్ బేసిక్ చదివితే వారికీ బీఎస్సీ పట్టా వస్తుంది. ఈ చివరి మాటను చాలామంది తల్లిదండ్రులు వినలేదు. జీఎన్ఎం అంటే అక్కడితో ఆగిపోయే చదువు అనుకుని, స్థోమతకు మించిన బీఎస్సీ సీటు వెంట పరుగెత్తుతున్నారు.

మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. బైపీసీ చదివిన అమ్మాయికి ప్రభుత్వ కళాశాలలో గాని, ప్రైవేటులో కన్వీనర్ కోటాలో గాని బీఎస్సీ సీటు వస్తే మరో ఆలోచన వద్దు. ఈ సీట్ల ప్రకటన విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నుండి వెలువడుతుంది. నియమాలు ఏటా మారుతుంటాయి గనుక ఆ సంవత్సరపు ప్రకటననే చదవాలి. ఆ సీటు రాకపోతే అప్పుచేసి మేనేజ్‌మెంట్ కోటాలో చేరడం కంటే ప్రభుత్వ నర్సింగు పాఠశాలలో జీఎన్ఎం చేయడం మేలు. ప్రభుత్వ స్టాఫ్ నర్సు నియామకాలకు జీఎన్ఎం కూడా అర్హతే. అమ్మాయి మూడేళ్లలో సంపాదనకు వచ్చి, తర్వాత తన డబ్బుతోనే పోస్ట్ బేసిక్ చదువుకోగలదు. గ్రామ ఆరోగ్య కేంద్రాలలో మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల నియామకానికి మన రాష్ట్రం బీఎస్సీ నర్సింగును అర్హతగా పెట్టింది. కనుక పై మెట్టును మరచిపోకూడదు. కానీ దానిని వడ్డీ డబ్బుతో ఎక్కవలసిన పని లేదు.

మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2014 తర్వాత ఏర్పడిన వైద్య కళాశాలల ప్రాంగణాలలో 157 ప్రభుత్వ నర్సింగు కళాశాలలు నెలకొల్పడానికి కేంద్ర మంత్రివర్గం అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఇది శుభవార్తే. అయినా సీట్ల ప్రకటనలో కళాశాల పేరు కళ్లారా చూసేవరకు దాని కోసం అమ్మాయిని ఒక ఏడాది ఆపవద్దు.

ధ్రువపత్రాల విషయంలో మనవాళ్ల నిర్లక్ష్యం ఇంతా అంతా కాదు. 2007 చట్టం ప్రకారం షేక్‌లతో సహా పద్నాలుగు ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద విద్యలో, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. వ్యాజ్యం సుప్రీం కోర్టులో ఉన్నా, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు వల్ల అది అమలవుతూ వచ్చింది. నూర్‌బాషా, దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు ఇవి వర్తించవు. అయితే ఆదాయం తక్కువగా ఉంటే ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫలితాలు వచ్చాక పరుగెత్తడం కాదు, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే సచివాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి.

ప్రైవేటు కళాశాల తప్పనిసరి అయితే తండ్రి స్వయంగా వెళ్లి చూడాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం కళాశాలకు వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. ఉదయం పది గంటలకు ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టి పడకలు కాదు, రోగులను లెక్కపెట్టండి. రోగులు లేనిచోట నర్సు ఏమి నేర్చుకుంటుంది? కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం కాగితం మీద చూపమనండి. మొదటి సంవత్సరపు ఫీజు కాదు, పట్టా చేతికి వచ్చేవరకు అయ్యే మొత్తం, హాస్టలు, యూనిఫాం, పరీక్షలు, ప్రయాణాలతో సహా రాసి ఇమ్మనండి. అసలు ధ్రువపత్రాలు కళాశాలలు తమవద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. పరిశీలన కాగానే తిరిగి తీసుకోండి. హిజాబ్‌కు, మోచేతుల వరకు చేతులు కప్పుకునే దుస్తులకు ఎక్కడ అనుమతి ఉంటుందో, ఎక్కడ ఉండదో చేరకముందే అడగండి. చేరిన తర్వాత గొడవపడడం అమ్మాయికే కష్టం.

మస్జిద్ కమిటీల పెద్దలతో ఒక మాట. వలీమా విందుకు లక్షలు వెచ్చించే మన పేటలలో, ఒక పేద విద్యార్థిని హాస్టలు ఖర్చుకు ఖర్జె హసనా ఇచ్చే నిధి ఎన్నిచోట్ల ఉంది? అర్హత గల పేదరాలైతే జకాత్ కూడా ఇవ్వవచ్చు కదా!

ఈ ఏడాది గుడివాడ నుండి వచ్చిన తండ్రి చేతిలో ఒక మధ్యవర్తి ఇచ్చిన రంగుల కరపత్రం ఉంది. దాని వెనుకవైపే నాలుగేళ్ల ఖర్చు రాసి కూడాము. ఆయన ఆ అంకెను చాలాసేపు చూశారు. అమ్మాయి మాత్రం మెల్లగా, "హజ్రత్, జీఎన్ఎం చేసినా తర్వాత బీఎస్సీ చదవనిస్తారా?" అని అడిగింది. చదవవచ్చన్నాము. "మిమ్మల్ని కాదు హజ్రత్, అబ్బాను అడుగుతున్నాను" అంది. ఆయన నవ్వి, కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఈడబ్ల్యూఎస్ దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో రాసి ఇమ్మన్నారు.