మారు తాళపుచెవులు
సంతానావయవములపై కొన్ని రసాయనముల ప్రభావము

పురుగుమందు త్రాగినవాడు మరణించునని గ్రామమున ఎల్లరు నెరుగుదురు. ప్రాణము తీయని స్వల్పమాత్రలో దేహము చేరి, పుట్టబోవు బిడ్డకు కీడు చేయగల రసాయనములును కలవని ఎరిగినవారు అరుదు.

వినాళ గ్రంథులనుండి వెలువడు హార్మోనులు రక్తములో కలిసి దేహమంతట తిరుగుచుండును. ఐనను ప్రతి హార్మోను అన్ని కణములపైనను పనిచేయదు. గర్భాశయము, స్తనములు మున్నగువాని కణములలో ఈస్ట్రోజెనను స్త్రీ హార్మోనును పట్టుకొను ప్రోటీనులు కలవు. వీనిని గ్రాహకములందురు. వృషణములు, ప్రోస్టేటు గ్రంథి మున్నగువానిలో పురుష హార్మోనునకు వేరు గ్రాహకములున్నవి. గ్రాహకము తాళము వంటిది, హార్మోను తాళపుచెవి వంటిది. చెవి అమరినంతనే గ్రాహకము ఆకృతి మారి, కణకేంద్రములోని జన్యువులలో కొన్నిటిని మేల్కొలుపును, కొన్నిటిని ఆపును. మిల్లీలీటరు రక్తమున గ్రాములో వందకోట్లవ వంతుకన్న తక్కువ ఈస్ట్రోజెనే ఈ పనికి చాలును.

కొన్ని మారుచెవులు తాళమును అకాలమున తెరచును. 1938లో ఇంగ్లండున తయారైన డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ అట్టిది. గర్భస్రావమును నివారించునని నమ్మి, అమెరికాలో లక్షలాది గర్భిణుల కిచ్చిరి. తల్లులకు వెంటనే ఏ కీడును కానరాలేదు. యోనిలో అరుదైన క్యాన్సరు సోకిన ఎనమండుగురు యువతులను బోస్టను వైద్యులు పరిశీలింపగా, వారిలో ఏడుగురి తల్లులు గర్భముతో నున్నపుడు ఆ మందు మ్రింగినట్లు 1971లో తేలెను. తిన్నది తల్లి, అనుభవించినది కూతురు, అదియు పదునైదు ఇరువది యేండ్లకు!

మరికొన్ని చెవులు తాళములో దూరును గాని తిరుగవు. అసలు చెవికి చోటీయవు. డి.డి.టి. దేహములో మారగా ఏర్పడు డి.డి.ఇ. పురుష హార్మోను గ్రాహకమును ఇట్లే అడ్డగించునని 1995లో ప్రయోగశాలయందు నిరూపించిరి. ఇట్టివి చాలవరకు అసలు హార్మోనుకంటె బలహీనములే. కాని డి.డి.ఇ. క్రొవ్వులో ఏండ్లకొలది నిలిచి, చనుబాలలోనికిని దిగును. (ఇందుకై తల్లిపాలు మాన్పింపరాదు, వానివలని మేలు మిక్కిలి పెద్దది.)

కేరళలోని కాసరగోడు ప్రాంతమున జీడిమామిడి తోటలపై ఇరువది యేండ్లకు పైగా, 2000 వరకు, ఎండోసల్ఫానును ఆకాశమునుండి చల్లిరి. అచ్చటి బాలురలో యౌవన లక్షణములు ఆలస్యమగుచున్నవనియు, పురుష హార్మోను ఉత్పత్తి దెబ్బతినుచున్నట్లున్నదనియు 2003లో అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒక్క పరిశీలనతో అంతయు తేలినదనరాదు. ఐనను 2011లో సుప్రీంకోర్టు ఆ మందు తయారీని, అమ్మకమును, వాడుకను నిలిపివేసెను.

ఇక మన ఊరి సంగతి. ఖాళీ మందు డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతవలెనని 1971 నాటి పురుగుమందుల నియమావళి చెప్పుచున్నది. వానిని కడిగి నీళ్లకు వాడుకొను ఇండ్లు లేకపోలేదు. వాసన పోయినంతమాత్రమున మందు పోయినదనుకొనరాదు. డబ్బాలు పాతు స్థలమును, స్ప్రేయర్లు కడుగు స్థలమును చెరువునకు, బావులకు దూరముగా పంచాయతీయే ఏర్పరుపవలెను. మందు కలుపుటకు గాని, చల్లిన చేనిలో వెంటనే దిగుటకు గాని స్త్రీలను పంపరాదు. గర్భిణులను మాత్రము మినహాయించిన చాలదు. మగశిశువు జననాంగములు రూపుదాల్చుట మూడవ మాసముననే జరుగును; అది చాలమంది తల్లులు తమ గర్భము సంగతి ఇరుగుపొరుగులకైనను చెప్పుకొనని కాలము.