ఆటల్లేని నెలల్లో టెక్సస్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఏం పని?

సైట్‌లో మా అమెరికన్ కుర్రాళ్లు ఎండాకాలంలో కూడా టెక్సస్ యూనివర్సిటీ టీమ్ లాంగ్‌హార్న్స్ గురించే మాట్లాడతారు. 2025లో ఆటలు ఆగస్టు 30కి కదా, ఎండాకాలంలో ఏంటి అంటారా? అసలు పని అప్పుడే.

జనవరి 2025 సెమీఫైనల్లో ఒహాయో స్టేట్ చేతిలో 28-14తో ఓడారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. ఆ చోటికి ఆర్చ్ మానింగ్ వచ్చాడు. మేస్త్రీ మారితే ముఠా మళ్లీ కుదురుకోవాలి, ఇదీ అంతే. పైగా 2025లో మొదటి ఆటే ఒహాయో స్టేట్‌తో, వాళ్ల ఊళ్లోనే.

ఇంకో పెద్ద మార్పు. కోర్టు ఒప్పందం వల్ల 2025 జూలై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. అన్ని ఆటలకీ కలిపి మొదటి ఏడాది ఒక్కో కాలేజీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు. అంతకుముందు స్టేడియం నిండినా కాలేజీ ఇచ్చేది ప్రధానంగా చదువు ఖర్చే.

చెమటకి కూలి రావాలని మనకి ఒకరు చెప్పాలా?