లాప్‌టాప్ మనది, తాళం పరాయిది
చేతులు మారిన కంప్యూటర్ తెరుచుకోవాలంటే మెకానిక్ నేర్పు కన్నా అమ్మినవాడి జాడే ముఖ్యం

సూరత్ రింగ్ రోడ్. సహారా దర్వాజా మొదలుకొని ఎటు చూసినా వస్త్ర మార్కెట్లే. చీరల బేళ్లతో టెంపోలు, తలమీద మూటలతో హమాలీలు, ఒక్కో భవనంలో వందలకొద్దీ దుకాణాలు. ఈ నగరం నేసే బట్టలో తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల కిందటే వలస వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. తండ్రి మరమగ్గం దగ్గర నిలబడితే కొడుకు మార్కెట్లో లెక్కలు రాసే పనికి కుదురుకోవాలనుకుంటాడు. అందుకు ట్యాలీ నేర్వాలి. ట్యాలీ నేర్వాలంటే లాప్‌టాప్ కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతదే గతి.

ఆ తర్వాతి కథ సూరత్‌లోనైనా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా ఒకటే. దుకాణంలో తెరిచి చూపించినప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేస్తే తెర మీద ఎవరిదో పేరు, కింద పాస్‌వర్డ్ గడి. "అన్నా, పాస్‌వర్డ్ అడుగుతోంది" అని ఫోన్ చేస్తే "లాట్‌లో వచ్చిన మాల్ తమ్ముడూ, పాత ఓనర్ ఎవరో నాకేం తెలుసు?" అన్న జవాబే చాలాచోట్ల వినిపిస్తుంది. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు ఆ గడి ముందు ఆగిపోతుంది.

చాలామంది దీన్ని యంత్రం చెడిపోవడం కింద లెక్కేసి మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతారు. నిజానికి అది చెడిపోలేదు. తన పని తాను చేస్తోంది, అంతే. పాస్‌వర్డ్ పుట్టిందే 'ఎవరిది ఏది' అని తేల్చడానికి. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో ఫెర్నాండో కొర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను ఎందరో పంచుకునే వ్యవస్థను తయారు చేసింది. ఒకరి ఫైళ్లు మరొకరి చేతిలో పడకుండా అందులో ఒక్కొక్కరికి ఒక్కో రహస్య పదం ఇచ్చారు. అయితే 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధకుడు, తనకు కేటాయించిన సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న ఫైల్‌ను ప్రింట్ తీసుకున్నాడు. తాళానికి, దాన్ని తప్పించుకునేవాడికి మధ్య పోటీ అప్పటి నుంచీ సాగుతూనే ఉంది.

చాలాకాలం ఆ పోటీలో తప్పించుకునేవాడిదే పైచేయి. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో పాస్‌వర్డ్ వివరాలు అదే హార్డ్ డిస్క్‌లో ఒక ఫైల్‌లో ఉండేవి. వేరే సీడీతో కంప్యూటర్‌ను నడిపించి ఆ ఫైల్‌ను మార్చేస్తే పని అయిపోయేది. పాత డెస్క్‌టాప్‌లలో అయితే లోపలున్న గుండ్రటి బ్యాటరీని కాసేపు తీసి పెడితే బయోస్ పాస్‌వర్డ్ చెరిగిపోయేది. 'అరగంటలో తీసిచ్చేస్తాం' అన్న మెకానిక్ మాటకు ఆ రోజుల్లో విలువ ఉండేది.

ఇప్పుడా మాట అన్ని యంత్రాలకూ చెల్లదు. ముందుగా అడ్డుపడింది ఏ తాళమో గుర్తించాలి. విండోస్ వచ్చాక పేరు, ఫొటోతో కనిపించేది ఒక రకం. అలాంటప్పుడు పాత పాస్‌వర్డ్ కోసం వెతకడం దండగ. పెన్ డ్రైవ్‌లో విండోస్ పెట్టుకుని, డిస్క్‌ను పూర్తిగా తుడిచి, కొత్తగా ఎక్కించుకుంటే సరిపోతుంది. విండోస్ 10 నుంచి లైసెన్స్ సాధారణంగా ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది కాబట్టి మళ్లీ కొనాల్సిన పని చాలాసార్లు రాదు. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉండి 48 అంకెల రికవరీ కీ అడిగినా ఇదే దారి. ఆ కీ లేనిదే పాత ఫైళ్లు తెరుచుకోవు. అయితే డిస్క్‌ను తుడిచేసి యంత్రాన్ని వాడుకోవచ్చు. నిజాయితీగా కొన్నవాడికి కావలసిందీ యంత్రమే, ఫైళ్లు కావు.

విండోస్ రాకముందే, నల్లటి తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది రెండో రకం. ఆఫీసులు వాడే లాప్‌టాప్‌లలో ఈ పాస్‌వర్డ్ కరెంటు లేకపోయినా చెరిగిపోని చిప్‌లో ఉంటుంది. బ్యాటరీ తీసినా లాభం లేదు. ఉదాహరణకు థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే మదర్ బోర్డ్ మార్చాల్సిందేనని, అందుకు కొన్న రసీదు చూపాలని లెనోవో తన మాన్యువల్స్‌లోనే చెప్పింది. పాత లాప్‌టాప్‌కు కొత్త బోర్డ్ వేయించడమంటే చాలాసార్లు కోడికన్నా మసాలా ఖర్చు ఎక్కువవడమే.

అన్నిటికన్నా గట్టిది మూడో రకం. ఇందులో తాళం లాప్‌టాప్‌లో కాదు, ఎక్కడో కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. 2018 నుంచి టీ2 చిప్‌తో వచ్చిన మ్యాక్‌లలోనూ, 2020 నుంచి వస్తున్న యాపిల్ సొంత చిప్ మ్యాక్‌లలోనూ 'యాక్టివేషన్ లాక్' ఉంది. పాత యజమాని దాన్ని తీసేయకపోతే డిస్క్ తుడిచినా మళ్లీ అతని ఖాతానే అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చిన ఆటోపైలట్ కూడా ఇలాంటిదే. కంపెనీ తన పేరిట నమోదు చేసిన లాప్‌టాప్‌లో కొత్త విండోస్ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. నమోదు రద్దు చేయాల్సింది ఆ కంపెనీ ఐటీ విభాగమే. వాడకం ముగిశాక ఐటీ సంస్థలు లాట్ల కింద వదిలించుకునే యంత్రాలు పాత సరకు మార్కెట్లోకి వస్తుంటాయి కాబట్టి ఇది అరుదైన సమస్యేమీ కాదు.

తాళాలు ఇంతగా బిగియడానికి కారణమూ ఉంది. ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత హార్డ్ డిస్క్‌లు కొని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. చదవగలిగిన 129 డిస్క్‌లలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డ్ నంబర్లతో సహా ఎందరివో వివరాలు అలాగే ఉన్నాయి. కొన్నవాడికి అడ్డుగోడలా కనిపించేది అమ్మినవాడికి, పోగొట్టుకున్నవాడికి రక్షణ కవచమన్నమాట.

పోగొట్టుకున్నవాడు - అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తాళం తీయించుకోవాలని వచ్చిన కుర్రాడు నిజంగా కొన్నాడా, లేక అది దొంగ సరకా అన్నది మెకానిక్‌కు తెలిసే వీల్లేదు. ఒక్కోసారి ఆ సంగతి కొన్న కుర్రాడికే తెలియదు. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి సాధారణంగా దక్కదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతోంది. ఐటీ చట్టానికి 2008 సవరణతో చేరిన 66బీ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన కంప్యూటర్ అని తెలిసీ, లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండీ దురుద్దేశంతో దగ్గర పెట్టుకుంటే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. పాత ఫోన్ కొనేవాడైతే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌తో ప్రభుత్వ సంచార్ సాథీలో సరిచూసుకోవచ్చు. సిమ్ లేని మామూలు లాప్‌టాప్‌కు ఆ నంబర్ ఉండదు. కాబట్టి కాగితమే సాక్ష్యం.

సూరత్ వస్త్ర వ్యాపారంలో కోట్ల సరకు మాట మీద, అరువు మీద నడుస్తుంది. అయితే అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ రేపు మళ్లీ ముఖాలు చూసుకోవాల్సినవాళ్లే. లాట్‌లో వచ్చిన లాప్‌టాప్‌కు ఆ బంధం ఉండదు. అందుకే చేతులు కాలక ముందే ఆకులు పట్టుకోవాలి. డబ్బు ఇచ్చే ముందు, దుకాణంలోనే, యంత్రాన్ని పూర్తిగా ఆపించి మళ్లీ వేయించాలి. బయోస్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా వెళ్లనిస్తోందో లేదో చూడాలి. పాత ఖాతా తీయించి, అంతా తుడిపించి, ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇంటర్నెట్‌కు కలిపి కొత్త ఖాతా తెరుచుకునేదాకా ఆగాలి. మ్యాక్‌కూ, ఆఫీసు లాప్‌టాప్‌కూ ఈ చివరి మెట్టు మరీ ముఖ్యం. కింద రాసి ఉన్న సీరియల్ నంబర్, అమ్మినవాడి పేరు, చిరునామా, తేదీ వేసిన బిల్లు తీసుకోవాలి. ఇంత చేయడానికి అరగంటో గంటో పడుతుంది.

ఇప్పటికే కొని ఇరుక్కుపోయినవాడు ముందు వెళ్లాల్సింది మెకానిక్ దగ్గరికి కాదు, అమ్మిన దుకాణానికి. దుకాణదారు పాత యజమానిని పట్టుకోగలిగితే, అతను ఎక్కడో కూర్చుని తన ఖాతాలోంచి ఆ యంత్రాన్ని తొలగించినా చాలు, మ్యాక్ తాళం వీడిపోతుంది. కంపెనీ తలుచుకుంటే ఆటోపైలట్ నమోదూ అలాగే రద్దవుతుంది. పట్టుకోలేనంటే డబ్బు వెనక్కి అడగడమే న్యాయం. బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. బిల్లు లేకపోతే మిగిలేది వాదన ఒక్కటే.

ఒకప్పుడు పాత యంత్రం కొంటే దాని గతంతో పని ఉండేది కాదు. ఇప్పుడు లాప్‌టాప్ తన గతాన్ని వెంటబెట్టుకుని వస్తోంది. మగ్గం మీద సంపాదించిన డబ్బు దాని మీద పెట్టేవాడు ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'ఇది ఇదివరకు ఎవరిది?'