జీతం పెంచితే మంచి మాస్టార్లు వస్తారా?

‘పెద్దయ్యాక ఏమవుతావు?’ అని తరగతిలో ఫస్టొచ్చే పిల్లల్ని అడగండి. డాక్టరో, ఇంజినీరో అంటారు. పొరపాటున ‘టీచర్’ అన్నారా... ‘ఇంతకన్నా మంచిది దొరకలేదా?’ అంటూ ఇంట్లోవాళ్లే నిరుత్సాహపరుస్తారు. ‘బతకలేక బడిపంతులు’ అన్న మాట ఊరికే పుట్టలేదు మరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లో స్పెషల్ టీచర్లకిచ్చిన నెలజీతం 398 రూపాయలు. చివరికి ‘398 టీచర్లు’ అన్నదే వాళ్ల పేరైపోయింది!

ఆ రోజులు మారాయి. చిన్నపాటి ప్రైవేటు బడుల్లో జీతాలు ఇప్పటికీ అంతంతమాత్రమే కానీ, సర్కారు బడిలో ఉద్యోగానికి మాత్రం విపరీతమైన పోటీ. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షలమందికి పైగా పోటీపడ్డారు. అంటే, జీతం బాగుంటే జనం వస్తారు. మరి చదువు బాగుపడుతుందా?

ఇండొనేషియా అనుభవం చూడండి. 2005లో అక్కడ చట్టం చేసి, సర్టిఫికెట్ పొందిన టీచర్లకు మూలవేతనానికి సమానమైన భత్యం ఇచ్చారు. 360 బడుల్లో అర్థశాస్త్రవేత్తలు పరిశీలించారు. టీచర్ల అప్పుల బాధ తగ్గింది, రెండో ఉద్యోగం చేసే అవసరమూ తగ్గింది. పిల్లల మార్కులు మాత్రం రెండుమూడేళ్ల తర్వాతా పెరగలేదు! ఉన్నవారికి జీతం పెరిగిందే తప్ప బోధన తీరు మారలేదు మరి.

ఫిన్లాండ్‌లో టీచర్లకు డాక్టర్లంత జీతమేమీ రాదు. అయినా ప్రాథమిక పాఠశాల టీచర్ కోర్సులో సీటు కోసం ఏళ్ల తరబడి పదిమంది పోటీపడితే ఒక్కరికే దక్కింది. రాతపరీక్ష ఒక్కటే చాలదు, ఇంటర్వ్యూలోనూ నెగ్గాలి. చిన్న తరగతులకు చెప్పాలన్నా పీజీ ఉండాల్సిందే. సింగపూర్‌లోనైతే శిక్షణలో ఉండగానే జీతమిస్తారు. పాఠాలు చెప్పడం ఇష్టమైనవాళ్లు హెడ్మాస్టర్ కాకుండానే, తరగతి గది వదలకుండానే పదోన్నతి పొందొచ్చు.

మన డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, మిగతా 20 టెట్ వెయిటేజీకి. ‘ఏదీ, ఈ భిన్నాల లెక్క ఐదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి’ అని అభ్యర్థిని బోర్డు దగ్గర నిలబెట్టే అంచె ఎక్కడా లేదు.

జీతం అభ్యర్థుల్ని గుమ్మందాకా తీసుకొస్తుంది. వాళ్లలో పాఠం చెప్పగలిగేవారిని ఎంచుకోవడం, ఎంచుకున్నవారికి ఎదిగే దారి చూపించడం ప్రభుత్వం పని. అది జరిగిననాడు, ఫస్టొచ్చిన అమ్మాయి ‘టీచర్నవుతా’ అంటే అమ్మానాన్నలు సంతోషంగా సరేనంటారు.