కోలాకు రంగులు, మన మొసలికి అట్టముక్కలు

పసిపిల్లలు బొమ్మలకు రంగులు వేయడం ఆట మాత్రమే కాదు, అక్షరానికి తొలిమెట్టు. గీత దాటకుండా రంగు నింపిన వేళ్లే రేపు ‘అ’ దిద్దుతాయి. మాలాగా ఇంట్లో బలపం పట్టించేవారు లేని పిల్లలకు ఇది మరీ అవసరం.

రంగుల పుస్తకాల్లో కనిపించే కోలా ఆస్ట్రేలియా జంతువు. ఎలుగుబంటిలా ఉన్నా ఎలుగుబంటి కాదు, కంగారూలా పిల్లను పొట్టసంచిలో పెంచుతుంది. మన దగ్గరా పెరిగే జామాయిల్ జాతి చెట్ల ఆకులే దాని తిండి. అడవులు తరిగిపోవడంతో క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్‌లలో దాన్ని 2022లో అంతరించే ప్రమాదమున్న జీవుల్లో చేర్చారు.

పాత అట్టపై గుండ్రటి తల, పెద్ద చెవులు గీయండి. మైదా గంజిలో సుద్దపొడి, చిటికెడు బొగ్గుపొడి కలిపితే బూడిదరంగు సిద్ధం. పిల్లలతో వేలితో పూయించి, కోలా చేతిలో జామాయిల్ ఆకు అంటించండి. కత్తెర పని పెద్దలదే.

మంథని దగ్గర శివారం అభయారణ్యంలో, గోదావరి మడుగుల్లో మొసళ్లున్నాయి. అట్టను మధ్యకు మడిస్తే మొసలి నోరు, కాగితపు ముక్కలు పళ్లు! దూరదేశపు కోలాతో పాటు మన మొసలినీ పిల్లలు తెలుసుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు వాడలోని పిల్లలతో ఒక్క బొమ్మ చేయించండి. బడికి ముందే వాళ్ల చేతికి ధైర్యం వస్తుందని మా నమ్మకం.