వజ్రం చేయబోతే సానరాయి

1891లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, మొనాంగహీలా అనే చిన్న ఊళ్లో ఎడ్వర్డ్ గుడ్రిచ్ ఆచిసన్ ఒక ఇనుప గిన్నెలో బంకమట్టి, కోక్ బొగ్గుపొడి కలిపి పోశాడు. ఆర్క్ దీపాల్లో వాడే కార్బన్ కడ్డీ ఒకటి అందులో గుచ్చి, గిన్నెకూ కడ్డీకీ మధ్య గట్టిగా కరెంటు పారించాడు. ఎడిసన్ దగ్గర పనిచేసి బయటికొచ్చిన మనిషి. కృత్రిమ వజ్రం చేయాలన్నది ఆయన ఆశ. గిన్నె చల్లారాక చూస్తే వజ్రం లేదు. కడ్డీ కొనకు మాత్రం తళతళలాడే సన్నని పలుకులు కొన్ని అంటుకుని ఉన్నాయి. వాటితో గీస్తే గాజు మీద గీత పడింది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఈ కోతి మాత్రం దర్జాగా బతికింది. మట్టిలోని సిలికాన్, బొగ్గులోని కార్బన్ కలిసి పుట్టిన ఆ సిలికాన్ కార్బైడుకు ఆచిసన్ కార్బొరండం అని పేరు పెట్టాడు. మొదట్లో దాన్ని రత్నాలు సానబట్టేవాళ్లకు కారట్ల లెక్కన అమ్మాడు. 1893లో పేటెంటు వచ్చింది. అదే ఏడాది షికాగో ప్రపంచ ప్రదర్శనకు దీపాలు పెట్టే కాంట్రాక్టు వెస్టింగ్‌హౌస్ కంపెనీకి దక్కింది. ఎడిసన్ బల్బు పేటెంటుకు అడ్డం పడకుండా గాజు బిరడాతో వేరే రకం బల్బు చేయాల్సి వచ్చింది. ఆ బిరడాలను సరిగ్గా ఇమిడేలా అరగదీసినవి కార్బొరండం చక్రాలే. ఎడిసన్ పాత ఉద్యోగి సరుకు ఎడిసన్ ప్రత్యర్థికే అక్కరకొచ్చిందన్నమాట. 1895లో నయాగరా జలపాతం దగ్గర చవక కరెంటు దొరకగానే ఫ్యాక్టరీ అక్కడికి తరలింది. ధర దిగింది.

అప్పటిదాకా మంచి సానరాయి అంటే భూమి ఇవ్వాల్సిందే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ సానరాళ్లను నూనెతో వాడేవి, నీళ్లతో వాడేవి అంటూ రకాలుగా విడగొట్టాడు. క్షౌరశాలల్లో ఉమ్మి తడితో నూరే రాళ్లను ప్రత్యేకంగా పేర్కొని, వాటిలో మేలైనవి స్పెయిన్ నుంచి వస్తాయని రాశాడు. ఆ అంగళ్లలో గెడ్డం గీయించుకున్నవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

తర్వాతి కాలంలో యూరప్ క్షురకుల మనసు దోచింది బెల్జియం రాయి. ఆర్డెన్ కొండల్లో, వియల్‌సామ్ చుట్టుపక్కల దొరికే లేత పసుపు కోటిక్యూల్ అది. అభ్రకం జాతి మెత్తని ఖనిజాల మధ్య కొద్ది మైక్రాన్ల గోమేధిక జాతి పలుకులు లక్షలాదిగా పొదిగి ఉంటాయి. పలుకులు గుండ్రానికి దగ్గరగా ఉండటంతో లోతైన గీతలు పడవు, అంచు నున్నగా తేలుతుంది. చిక్కల్లా పొర పలచన కావడమే. తీసిన ముక్క విరగకుండా కింద పలకరాయి అతికించి అమ్మేవారు. పైగా ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. ఇవాళ్టికీ దాని ధర ఎక్కువే.

ఆచిసన్ కొలిమి ఈ చిక్కుల్ని దాటేసింది. కొలిమిలో పుట్టిన పలుకుల్ని నలగ్గొట్టి, జల్లించి, నీటిలో తేర్చి, ఒకే సైజు రజనును వేరు చేయొచ్చు. దానికి బంకమట్టో రెసినో కలిపి దిమ్మగా పోస్తే వెయ్యో రాయీ మొదటి రాయిలాగే ఉంటుంది. ఆ వెనకే బాక్సైటును కరిగించి అల్యూమినియం ఆక్సైడు, అంటే కృత్రిమ కురువిందం చేయడం మొదలైంది. అసలు కురువిందం మన ఖమ్మం నేలలో దొరికే ఖనిజమే. 1954లో చెన్నైలో మురుగప్ప కుటుంబం, అమెరికా కార్బొరండం కంపెనీ, ఒక బ్రిటిష్ సంస్థ కలిసి కార్బొరండం యూనివర్సల్ పెట్టడంతో ఈ సరుకు ఇక్కడే తయారవసాగింది.

రాయి చవకయ్యే వేళకు మంగలికత్తికే గిరాకీ తగ్గడం మొదలైంది. జిల్లెట్ 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేళ్లు. మరుసటి ఏడు రేజర్ల లెక్క 90 వేలు దాటింది. మన సెలూన్లలో ఇప్పుడు కనిపించే ఉస్తరాలో దూర్చేది సగానికి విరిచిన బ్లేడే. అందుకే నేడు మంగలికత్తికి సానరాయి కొనేవాళ్లలో ఎక్కువమంది ఇష్టంతో ఇంట్లో గెడ్డం గీసుకునేవాళ్లు.

వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. వంటింటి కత్తిని ఏ వాలున పట్టాలో చెయ్యే తేల్చుకోవాలి. మంగలికత్తిని వెన్నూ అంచూ రెండూ ఆనేలా రాయి మీద పడుకోబెడితే చాలు, 16, 17 డిగ్రీల కోణం దానంతటదే కుదురుతుంది. రాయి మీద అంచు ముందుకు సాగాలి, తోలుపట్టీ మీద వెన్ను ముందుకు సాగాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. అంచు మీద దొర్లిస్తే చేసిన పనంతా పోతుంది. ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుకే అంచును చిట్లగొడుతుంది. ఉక్కు లోపలి నిర్మాణం అంతటా ఒకేలా లేనిచోట, వెంట్రుక వాలుగా తగిలితే సన్నని పెచ్చు లేస్తుందని ఎంఐటీ పరిశోధకులు 2020లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించారు. కాబట్టి సాన ఒక్కసారితో తీరే పని కాదు.

కొనేటప్పుడు మోసపోయేది అంకెల దగ్గర. యూరప్ లెక్కలో పీ1000 గరుకు కాగితంలో పలుకు సుమారు 18 మైక్రాన్లు. జపాన్ లెక్కలో 1000 రాయిలో పలుకు సుమారు 11. అంకె ఒకటే, గరుకు వేరు. మైక్రాన్లు అడిగి కొనడం మేలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్ల కార్బొరండం దిమ్మ కొడవళ్లకు బాగుంటుంది గానీ మంగలికత్తి అంచును చూస్తుండగానే తినేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌షీ నుంచి 12000 పేరిట వచ్చే సహజ రాయి చవకే, చివరి మెరుగుకు పనికొస్తుంది. కాకపోతే మహా నిదానం. జపాన్ కింగ్ బ్రాండు 1000, 6000 జంట రాయి మధ్యతరగతి బేరం.

ఏ రాయైనా చదునుగా లేకపోతే దండగ. మందపాటి గాజు పలక మీద వాటర్ పేపర్ తడిపి పరిచి, రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, గీతలన్నీ చెరిగేదాకా రుద్దాలి. మధ్యలో గీత మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. ఆ వాటర్ పేపర్ మీది నల్ల రజను కూడా సిలికాన్ కార్బైడే.

అదే గాజు మీద ఇంకో చవక దారి ల్యాపింగ్ ఫిల్ము. ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ల కొనలు నునుపు చేయడానికి వాడే పలచని ప్లాస్టిక్ పొర ఇది. 12, 5, 3, 1 మైక్రాన్ల రకాల్లో దొరుకుతుంది. నాలుగు చుక్కల నీళ్లేస్తే గాజుకు అతుక్కుంటుంది, చదును చేసే బాధ లేదు. త్వరగా అరిగిపోవడమే దీని లోపం. అప్పుడప్పుడు మాత్రమే నూరేవాళ్లకు ఇది చాలు. కత్తి ముందే పదునుపెట్టి వచ్చిందైతే సన్నరకం ఫిల్మూ తోలుపట్టీ ఉంటే నెలలు గడుస్తాయి. నొక్కులు పడ్డ పాత కత్తి ఏదైనా చేతికొచ్చినప్పుడు 1000 రాయి సంగతి చూసుకోవచ్చు.