మూసిన వాల్వుకు లొంగని పంపులు: అపోహలు – వాస్తవాలు

పంపు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది బావి గట్టు మీది మోటారు, లేదంటే బోరులో దించిన సబ్‌మెర్సిబుల్. రెండూ సెంట్రిఫ్యూగల్ జాతివే. లోపల ఇంపెల్లర్ గిరగిరా తిరిగి నీటికి వేగాన్నిస్తుంది. ఆ వేగం ఒత్తిడిగా మారి నీటిని పైకి పంపుతుంది.

పంపుల్లో ఇంకో జాతి ఉంది. అది పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపు. ఒక గదిలోకి ద్రవాన్ని తీసుకుంటుంది, వెనక్కి పోయే దారి మూసేస్తుంది, ఆ గదిలో ఉన్నదంతా ముందుకు నెట్టేస్తుంది. పిస్టన్, ప్లంజర్, డయాఫ్రం పంపులు ముందుకూ వెనక్కూ కదులుతూ ఈ పని చేస్తాయి. గేర్, లోబ్, వేన్, స్క్రూ పంపులు తిరుగుతూ చేస్తాయి. పద్ధతి ఏదైనా ఒక్కో స్ట్రోకుకు, ఒక్కో చుట్టుకు ఇంత ద్రవమని లెక్క కట్టినట్టు పంపడమే వీటి స్వభావం. ఈ తేడా తెలియక పొలం మోటారు అలవాట్లనే వీటి దగ్గరా పాటిస్తాం. కింది అపోహల్లో చాలావాటికి మూలం అదే. వాటిలో కొన్ని డబ్బు నష్టంతో పోతాయి. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: ఇవి పాతకాలపు పంపులు. కరెంటు మోటార్లు వచ్చాక వీటి పని అయిపోయింది.

వాస్తవం: వయసులో పాతవే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్టెసీబియస్‌ను పిస్టన్ పంపుకు ఆద్యుడిగా చెబుతారు. కానీ ఇవి లేకుండా ఈ రోజుకీ మనకు పూట గడవదు. ట్రాక్టరు వెనక నాగలిని పైకెత్తే నూనెను నెట్టేది గేర్ పంపు. ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టరు లోపల నీటిని పొర గుండా పంపేది చిన్న డయాఫ్రం పంపు. ఇప్పటి డీజిల్ కార్లలో ఇంధనాన్ని దాదాపు 2,000 బార్ ఒత్తిడికి తీసుకెళ్లేది ప్లంజర్ పంపు. డాబా మీది ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే నీటికి ఒక బార్ ఒత్తిడి కూడా ఉండదని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. స్లాబు వేసేటప్పుడు కాంక్రీటును పై అంతస్తుకు పంపేది జంట పిస్టన్ల పంపు. దుబాయిలో బుర్జ్ ఖలీఫా కట్టినప్పుడు ఇలాంటి పంపుతోనే కాంక్రీటును 600 మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చారు.

డయాలసిస్ యంత్రంలో తిరిగే రోలర్లు మెత్తని గొట్టాన్ని నొక్కుతూ రక్తాన్ని నడిపిస్తాయి. రక్తం గొట్టాన్ని తప్ప పంపులో ఏ భాగాన్నీ తాకదు. అసలు మన గుండే ఈ జాతి పంపు. వాల్వులున్న గదులు, ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి దాదాపు 5 లీటర్లు.

అపోహ: చేతిపంపు ఎంత లోతు నుంచైనా నీటిని పీల్చుకుంటుంది.

వాస్తవం: ఏ పంపూ నీటిని పీల్చి పైకి లాగదు. పిస్టన్ పైకి లేస్తే దాని కింద ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బయటి గాలి బరువు నీటిని ఆ ఖాళీలోకి నెడుతుంది. గాలి నెట్టగలిగిన ఎత్తుకు హద్దుంది. సముద్రమట్టం దగ్గర అది 10.3 మీటర్లు. 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాదులో 9.7 మీటర్లకు అటూఇటూ. పైపుల రాపిడి, వాల్వుల లీకులు పోగా చేతికందేది ఆరేడు మీటర్లే. సక్షన్ పంపు ఒక హద్దు దాటి నీటినెత్తలేదన్న సంగతిని గెలీలియో 1638లో తన పుస్తకంలో ప్రస్తావించాడు. కారణం గాలి ఒత్తిడేనని కొన్నేళ్లకు ఆయన శిష్యుడు టోరిచెల్లీ తేల్చాడు.

మరి మన ఊళ్లలో బోరింగు అంతకన్నా లోతు నుంచి నీళ్లెలా ఇస్తోంది? దాని పిస్టన్ పైన లేదు, లోపల నీటి మట్టానికి దిగువనే ఉంది. 1970లలో యూనిసెఫ్ సహకారంతో మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్-2 పంపు కిటుకు అదే. పిడికి తగిలించిన ఇనుప కడ్డీలు బోరు లోపలి సిలిండరు దాకా దిగుతాయి. పిడిని కిందికి నొక్కితే పిస్టన్ పైకి లేచి తన మీదున్న నీటిని ఎత్తుతుంది. సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 125 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే స్ట్రోకుకు దాదాపు 400 మిల్లీలీటర్లు. నీరు 45 మీటర్ల లోతున ఉంటే ఆ పిస్టన్ మీద పడే బరువు 140 కిలోలకు తగ్గదు. పిడి అంత పొడవుగా ఉండటానికి కారణం ఈ బరువే.

అపోహ: పెద్ద హార్స్‌పవర్ మోటారు బిగిస్తే నీళ్లూ, ప్రెషరూ రెండూ పెరుగుతాయి.

వాస్తవం: ఈ పంపు ఇచ్చేది ప్రవాహం. ఒత్తిడిని పుట్టించేది దానికి ఎదురయ్యే అడ్డంకి, అంటే ఎత్తు, సన్నని పైపు, నాజిల్ రంధ్రం. ప్రవాహాన్ని నిర్ణయించేవి గది పరిమాణం, తిరిగే వేగం. అవి మారకుండా మోటారును మాత్రం పెద్దది చేస్తే అదనంగా వచ్చే నీరేమీ ఉండదు. మందు కొట్టే పవర్ స్ప్రేయర్ పంపు నిమిషానికి 36 లీటర్లను 30 బార్ వద్ద పంపాలంటే నీటికి చేరాల్సిన శక్తి 1.8 కిలోవాట్లు, అంటే సుమారు 2.4 హార్స్‌పవర్. పంపు లోపలి నష్టాలకు కొంత కలుపుకుంటే చాలు. అంతకు మించి పెట్టిన ఖర్చు పంటకు చేరదు. పైగా ప్రెషర్ మితిమీరితే మందు మరీ సన్నని తుంపరగా మారి గాలికి పక్క చేను మీదికీ, కొట్టే మనిషి మీదికీ పోతుంది.

అపోహ: పంపు నడుస్తుండగా డెలివరీ వాల్వు మూసినా ఏమీ కాదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. సెంట్రిఫ్యూగల్ పంపులో దారి మూసుకుపోతే నీరు లోపలే సుడి తిరుగుతుంది, ఒత్తిడి ఒక హద్దు దగ్గర ఆగుతుంది, కాసేపటికి నీరు వేడెక్కుతుంది. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపుకు ఆ వెసులుబాటు లేదు. గదిలోకి వచ్చిన ద్రవం బయటికి పోయి తీరాలి. ద్రవం నొక్కితే కుంచించుకునేది కాదు. నీటి ఘనపరిమాణాన్ని ఒక్క శాతం తగ్గించాలంటేనే 200 బార్‌కు పైగా ఒత్తిడి కావాలి. అందుకే దారి మూసుకున్న కొన్ని క్షణాల్లోనే ఒత్తిడి విపరీతంగా ఎగబాకుతుంది. చివరికి పైపు పగలాలి, సీలు చిరగాలి, షాఫ్టు విరగాలి, లేదా మోటారు ఆగిపోవాలి.

దీనికి కాపలా రిలీఫ్ వాల్వు. నిర్ణీత ఒత్తిడి దాటగానే అది తెరుచుకుని ద్రవాన్ని ట్యాంకులోకి మళ్లిస్తుంది. దాన్ని పంపుకు, మొదటి గేట్ వాల్వుకు మధ్యనే బిగించాలి. గేట్ వాల్వు అవతల పెడితే ఉన్నా లేనట్టే. పవర్ స్ప్రేయర్ మీద ఉండే ప్రెషర్ రెగ్యులేటరు, దాని నుంచి డ్రమ్ములోకి పోయే రిటర్న్ పైపు చేసేది ఈ పనే. గన్ మూసినప్పుడు మందు వెనక్కి పోయేది ఆ దారినే. ఆ పైపును మడిచి కట్టేస్తే, రెగ్యులేటరును చివరికంటా బిగించేస్తే పగిలే గొట్టంలో ఉన్నది పురుగుమందని మరిచిపోకూడదు.

అపోహ: ప్రవాహం ఎక్కువైతే గేట్ వాల్వు కాస్త తిప్పి తగ్గించుకోవచ్చు.

వాస్తవం: ఈ పంపు దగ్గర వాల్వు తిప్పితే పెరిగేది ఒత్తిడి, కరెంటు ఖర్చు. ప్రవాహం తగ్గాలంటే వేగం తగ్గించాలి, లేదా స్ట్రోకు పొడవు మార్చాలి, లేదా మిగులును బైపాస్ దారిలో ట్యాంకుకు పంపాలి. నీటి శుద్ధి కేంద్రాల్లో మందులు కలిపే డోసింగ్ పంపులకు స్ట్రోకు మార్చే నాబ్ ఉండేది ఇందుకే.

అపోహ: లెక్క ప్రకారం పంపుతుంది కాబట్టి దిగుబడి ఎప్పటికీ తగ్గదు.

వాస్తవం: గేరు పళ్లకూ గోడకూ మధ్య, పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ సందులోంచి కొంత ద్రవం వెనక్కి జారుతుంది. దీన్ని స్లిప్ అంటారు. భాగాలు అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. బోరింగు ఒక్కో స్ట్రోకుకు ఇచ్చే నీరు తగ్గిపోతే పిస్టన్ వాషర్లు అరిగాయేమో చూడాలి. చాలాసార్లు కొడితే గానీ నీరు మొదలవకపోతే ఫుట్ వాల్వో, లోపలి పైపో కారుతున్నట్టు అనుమానించాలి. బోరు ఎండిందని తేల్చేసి కొత్త బోరు వేసే ముందు ఈ రెండూ చూడటం ఎంతో చవక.

అపోహ: ద్రవం చిక్కబడితే ఏ పంపయినా చతికిలపడుతుంది.

వాస్తవం: చతికిలపడేది సెంట్రిఫ్యూగల్. చిక్కటి నూనెలో గేర్ పంపు ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సందులోంచి వెనక్కి జారేది తగ్గుతుంది. తారు, మొలాసిస్, పెయింటు, టమాటా గుజ్జు వంటివి ఈ జాతి పంపులతోనే నడుస్తాయి. అయితే చిక్కదనం పెరిగితే వేగం తగ్గించాలి, సక్షన్ పైపు లావుగా ఉండాలి. లేకపోతే గది నిండేలోపే తలుపు మూసుకుంటుంది.

అపోహ: గాలిని కూడా నెడుతుంది కాబట్టి ఖాళీగా తిప్పినా ఫర్వాలేదు.

వాస్తవం: మొదట్లో పైపులోని గాలిని తానే తోసేయగలగడం వీటిలో చాలావాటి సుగుణం. ఖాళీగా నడుస్తూ ఉండటం వేరు. గేర్ పంపుకు అది పంపే నూనే కందెన. రబ్బరు గొట్టంలో ఇనుప స్క్రూ తిరిగే రకం పంపుకు ద్రవం లేకపోతే కొద్దిసేపట్లోనే రబ్బరు మాడిపోతుంది. గొట్టాన్ని నొక్కే రోలర్ పంపులూ, కొన్ని డయాఫ్రం పంపులూ దీనికి మినహాయింపు.

ఈ పంపులతో పనిచేసే రైతులకు, ఆపరేటర్లకు, మెకానిక్కులకు ఒక మనవి. స్టార్ట్ చేసే ముందు ద్రవం పోయే దారి పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. రిలీఫ్ వాల్వును తయారీదారు చెప్పిన ఒత్తిడికే ఉంచండి, దాన్ని తీసేసి ప్లగ్గు బిగించకండి. హైడ్రాలిక్ పైపు కారుతోందేమోనని వేలితో తడిమి చూడకండి, అట్టముక్క వాడండి. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయమే. ఏ నట్టు విప్పాలన్నా మోటారు ఆపి, పైపులోని ఒత్తిడి పూర్తిగా దించాకే చెయ్యి వేయండి.